స్టిల్

మంగళవారం సాయంత్రాలు రోథిస్ లైబ్రరీలో,
పిల్లల పుస్తకాల మూల, పొట్టి కుర్చీల్లో
మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా
ఇంగ్లీషు చెబుతుంటాను.
జీతం లేదు. టీ మాత్రం వాళ్ళదే.

ఈ చలికాలం ఒక్కతే వస్తోంది, అబ్రెహెత్.
హోటల్ లాండ్రీలో పని,
ఎంత కడిగినా వేళ్ళకి బ్లీచ్ వాసన.
దుప్పట్ల లెక్క కాగితం వెనకాల
వారానికి ఆరు మాటలు రాసుకొస్తుంది.
ఐదు మాటలు తడుముకోకుండా చెప్పేశాను.
ఆరోది: స్టిల్.

"మరక చూసి మా సూపర్‌వైజర్ స్టిల్ అంటుంది.
సూది పట్టుకుని డాక్టరు స్టిల్ అంటాడు.
నీళ్ళ సీసా మీద రాసుంది.
మీ వీధి చివర బాణం గుర్తేసి మరీ రాసుంది.
ఇందులో ఏది నిజం మాట, ఇష్‌బెల్?"

నవ్వబోయి చిక్కుపడ్డాను.
కదలకు అనడానికీ అదే మాట,
ఇంకా ఆగలేదు అనడానికీ అదే.
ఆగినదానికీ ఆగనిదానికీ
ఒకే చొక్కా తొడిగి బడికి పంపింది మా భాష;
అరవై ఏడేళ్ళుగా మాట్లాడుతున్నాను,
ఎప్పుడూ చూసుకోలేదు.

సీసా సులువు, బుడగల్లేని నీళ్ళు.
సూది కూడా సులువే, మణికట్టు పట్టుకుని చూపించాను.
మరక దగ్గర కాస్త ఆలస్యమైంది.
"పోలేదు, ఇంకా ఉంది" అన్నాను.
"పోనిది" అని రాసుకుంది తన లిపిలో.

బాణం కోసం కోట్లు వేసుకుని బయటికి నడిచాం.
అద్దాల గోడ వెనక నాలుగు రాగి బట్టీలు,
కుండ పొట్టలు, హంస మెడలు,
లోపల మరుగుతున్నా
పైకి తొణకని నిండుకుండలు.
"ఆ చివరిది మా ఆయన కొట్టింది" అన్నాను.
ముప్పై ఒక్క ఏళ్ళు సుత్తి పట్టాడు టోర్కిల్.
ఏడాదికోసారి కొయ్య సుత్తితో తట్టి, చెవి ఆనించి,
ఎక్కడ పల్చబడిందో చెప్పేవాడు.
రాగికి దాచుకోవడం రాదనేవాడు.
అబ్రెహెత్ అద్దానికి అరచెయ్యి ఆనించింది.
"వేడిగా ఉంది."
"స్టిల్ వేడిగా ఉంది" అని దిద్దాను.
ఇద్దరం నవ్వుకున్నాం.

తిరిగొచ్చాక తనే నిఘంటువు తెరిచింది.
స్టిల్ కింద ఇంకో మాట, తోక తగిలించుకుని.
వేలు దాని మీద ఆగింది.
నేను కప్పులు సర్దడం మొదలుపెట్టాను,
టైమైంది, లైట్లు తీసేస్తారు అన్నాను.
వేలు తియ్యలేదు.
రెండు ముక్కలు విడివిడిగా కూడబలుక్కుని,
తనకి తెలిసినంతలో అర్థం కట్టింది:
"ఇంకా... పుడుతోంది?"

ఎనభై ఒకటి, ఫిబ్రవరి, ఎల్గిన్ ఆసుపత్రి.
నర్సు ఆ మాట కాగితం మీద రాసిందే గానీ
పైకి అనలేదు.
మంచు వల్ల టోర్కిల్ రెండు గంటలు ఆలస్యం.
తువ్వాలు పసుపు రంగుది.

వచ్చిన ప్రతివాళ్ళనీ దిద్దేదాన్ని,
కామా వదిలినా ఊరుకోనిదాన్ని,
కప్పులు పట్టుకుని నిలబడ్డాను.
"దాదాపు అంతే" అన్నాను.
అది కూడా రాసుకుంది పాపం.

బస్టాపులో సన్నటి వాన.
ఎల్గిన్ వైపు రోడ్డు ఖాళీగా ఉంది.
"బస్సు స్టిల్ రాలేదు" అంది గర్వంగా.
మొదటిసారి తప్పు లేదు.

ఇంటికొచ్చేసరికి టోర్కిల్ వంటింట్లో
చెంచాతో టీ కెటిల్‌ని తట్టి
వేళ్ళతో వింటున్నాడు.
చెవులు రెండూ సుత్తి తినేసి పదేళ్ళు.
"ఇవాళేం పాఠం?" అన్నాడు.
దగ్గరికెళ్ళి అరిచాను, "స్టిల్!"
"మీలా?" అన్నాడు.
"ఇంకా లేదు. నీకోసమే చూస్తున్నా."
పొయ్యి మీద బార్లీ సూపు
అడుగంటుతోంది.